పూలు మోస్తున్న బండి

నేను ఒక తోపుడు బండిని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు లెండి. పూలతొట్టి అంటారు. కొందరు ఆగి ఫొటో తీసుకుని "ఎంత ముద్దుగా ఉందో" అంటారు. అలా అన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. తల లేదు కాబట్టి సరిపోయింది.

నేనుండేది ఇంగ్లండులో, ఎల్మ్‌చెస్టర్ అనే ఊరి రైల్వేస్టేషన్లో. పేరుకి అది నగరం. పెద్ద చర్చి ఒకటి ఉందని ఎప్పుడో ఒక రాజుగారు నగరం అన్నాడట, అప్పటినుంచీ కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "మా బొబ్బిల్లో సగం లేదు, దీన్నట్టుకుని సిటీ అంటారేటి" అంటాడు పైడిరాజు. ఆ పైడిరాజు ఎవరో తరవాత చెబుతాను. నాకు మెల్లిగా చెప్పడం అలవాటు. తోసేవాళ్లు ఎంత తోస్తే అంతే కదిలిన ఒళ్లు ఇది, తొందర ఎక్కడినుంచి వస్తుంది?

స్టేషన్ చిన్నది. ఎర్ర ఇటుకల టికెట్ ఆఫీసు, రెండు ప్లాట్‌ఫారాలు, వాటి మధ్య పట్టాల మీదుగా ఒక ఇనప వంతెన. పట్నం నుంచి వచ్చే రైళ్లు టికెట్ ఆఫీసు ఉన్న ఇవతలి ప్లాట్‌ఫారానికి వస్తాయి. పట్నం వెళ్లాలంటే మాత్రం వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలి. ఈ ముక్క ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నా సిగ్గంతా ఆ అవతలి ప్లాట్‌ఫారం దగ్గరే ఉంది.

నన్ను రైల్వేవాళ్ల వర్క్‌షాపులోనే చేశారు. అడుగున ఓక్ చెక్క పలకలు, నాలుగు ఇనప చక్రాలు, చుట్టూ జానెడు ఎత్తు అంచు, తోసేందుకు వెనక రెండు చేతులు. చేసిన వడ్రంగి చివర్న నా మీదెక్కి ఎగిరి దూకాడు. నేను కిక్కురుమనలేదు. "ఇది మనకన్నా ఎక్కువ రోజులు బతుకుతుంది" అన్నాడు పక్కవాడితో. ఆ మాట అతను మంచి మనసుతోనే అన్నాడు. అది నిజమవుతుందని ఇద్దరికీ తెలియదు.

మోసినవన్నీ చెప్పుకుంటూ పోతే మీకు విసుగు పుడుతుంది. తెల్లారేసరికి పాల క్యాన్లు, తరవాత తపాలా సంచులు, శుక్రవారం చేపల పెట్టెలు. చిల్లుల అట్టపెట్టెల్లో ఒక్కరోజు వయసు కోడిపిల్లలు కూడా రైలెక్కి వచ్చేవి, నా మీద ఉన్నంతసేపూ కిచకిచమంటూ ఫిర్యాదు చేసేవి. శవపేటికలు మోశాను. ఈ ఊరి పెద్దమనుషులు బతికున్నప్పుడు నన్ను కాలితో పక్కకు నెట్టి, పోయాక నా మీదే పడుకుని వచ్చేవాళ్లు.

పావురాల సంగతి మాత్రం చెప్పాలి. ఇక్కడి మగవాళ్లకి పావురాల పందెం పిచ్చి. పెంచుకున్న పావురాల్ని బుట్టల్లో పెట్టి, రైలెక్కించి, దూరపు స్టేషన్‌కి పంపిస్తారు. అక్కడి పోర్టరు బుట్ట మూత తీసి వదలాలి. అవి ఎగురుకుంటూ ఇంటికి పోతాయి, ఖాళీ బుట్ట మళ్లీ రైల్లో ఇంటికి పోతుంది. డబ్బు పెట్టి పంపించి, అది తిరిగొస్తే మురిసిపోవడం! నాకు అర్థం కాలేదు గాని, బుట్టలు తేలికని నేనేమీ అనలేదు.

మా స్టేషన్లో ఆ మూతలు తీసింది నార్మన్ పెక్. పోర్టరు. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేవాడు. నన్ను చాలామంది తోశారు గాని, మలుపు దగ్గర వేగం తగ్గించినవాడు అతనొక్కడే. పావురాల రోజున మంచు పట్టి ఉంటే మూత తీసేవాడు కాదు. స్టేషన్ మాస్టరు అరిచినా, "అయ్యా, ఆకాశం కనపడని చోట వదిలితే అవి ఇంటికెట్లా పోతాయి?" అని బుట్టల పక్కనే నిలబడేవాడు. మంచు విడిచాకే తీసేవాడు.

అతనూ నేనూ కలిసి అవతలి ప్లాట్‌ఫారానికి పోయే దారి వంతెన కాదు. ప్లాట్‌ఫారం చివర వాలుగా దిగి, పట్టాల మధ్య పలకలు పరిచిన దారొకటి ఉండేది. దాన్ని బండిదారి అనేవాళ్లు. సిగ్నల్ క్యాబిన్లో మనిషి సరేనన్నాక నన్ను దాటించేవాడు నార్మన్. ఆ దారి ఇప్పటికీ ఉంది. గేటుకి తాళం వేశారు.

తరవాత పాలు లారీలెక్కాయి. తపాలా లారీ ఎక్కింది. చేపలూ లారీయే. నార్మన్‌ని ఇంటికి పంపేశారు, నన్ను బొగ్గుల షెడ్డులో పడేశారు. అక్కడ ఎన్నేళ్లున్నానో నాకు తెలియదు, సాలీళ్లు లెక్కపెట్టుకుని ఉంటాయి. చెబితే నమ్మరు గాని, ఆ షెడ్డులో నాకు సిగ్గనిపించలేదు. పని లేదు, ఖాళీగా ఉన్నాను, అంతే. సిగ్గు మొదలైంది నన్ను బయటికి తెచ్చాకే.

తెచ్చింది మిసెస్ హార్కర్. జోన్ హార్కర్. స్టేషన్‌కి ఎదురుగా ఉన్న సందులో ఇల్లు. భర్త పోయాక తోటపని తప్ప ఏదీ తోచేది కాదావిడకి. ఊళ్లో కొందరు పెద్దవాళ్లు 'స్టేషన్ మిత్రులు' అని పేరు పెట్టుకుని, జీతం లేకుండా ప్లాట్‌ఫారాల మీద పూలు పెంచుతారు. ఏటా వేసవిలో అందమైన స్టేషన్లకి పోటీ పెడతారీ దేశంలో. రైలు వేళకి వచ్చిందా లేదా అని ఎవరూ పోటీ పెట్టరు. పూలు బాగున్నాయా అని పెడతారు.

ఆవిడ నన్ను తుడిచి, ఆకుపచ్చ రంగు వేయించి, ఇవతలి ప్లాట్‌ఫారం మీద వంతెన మెట్ల పక్కన నిలబెట్టి, ఒళ్లంతా మట్టి నింపి, ఎర్ర జెరేనియం మొక్కలు నాటింది. నన్ను చూడవచ్చిన ఇంకో మిత్రుడు, "అడుగున చిల్లులు పెట్టాలి జోన్, నీళ్లు పోవద్దూ?" అన్నాడు.

మిసెస్ హార్కర్ మొహం పాలిపోయింది. "చిల్లులా! ఇంత పాత వస్తువుకా? ఇది మన చరిత్ర కదండీ!"

ఆయన వెంటనే క్షమాపణ చెప్పుకున్నాడు. ఇక్కడివాళ్లకి పాతదంటే అంత గౌరవం. పాత గోడకి మేకు కొట్టరు, పాత తలుపుకి గొళ్లెం మార్చరు. ఆ గౌరవంతోనే నాకు చిల్లులు పెట్టలేదు. ఆ గౌరవంతోనే రోజూ పొద్దున వచ్చి నీళ్లు పోసింది. పోసిన నీళ్లు ఎటూ పోలేదు. నాలోనే ఉండిపోయాయి.

బాబూ, ఓక్ చెక్క వానకి తట్టుకుంటుంది, ఎండకి తట్టుకుంటుంది. నిలవనీటికి తట్టుకోదు. ముందు ఒక పలక మెత్తబడింది. తరవాత దాని పక్కది. పైన పూలు మాత్రం ఏ ఏటికాయేడు మరింత గుత్తులుగా పూసేవి. నా ముందునుంచే జనం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వంతెనెక్కేవాళ్లు. చంకలో పిల్లాడు, చేతిలో పిల్లల మడతబండి పెట్టుకుని ఒకామె ఎక్కేది. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకునేవాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు, పూలు బాగున్నాయని. పనివాడికి పట్టుబట్టలు కట్టి వీధిలో కూచోబెడితే, పనిచేసేవాళ్లు వచ్చి దణ్ణం పెట్టినట్టుండేది.

మధ్యలో ఒక లిఫ్ట్ పెట్టారు. రిబ్బను కట్టి కత్తిరించారు కూడా. అది పనిచేసిన రోజులకన్నా 'క్షమించండి' అని బోర్డు తగిలించుకున్న రోజులే ఎక్కువ.

ఇక పైడిరాజు. బొబ్బిలి వైపు మనిషి. అతని భార్య నూకరత్నం పట్నంలో పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం మీద వచ్చి, ఇతను మా స్టేషన్లో చేరాడు. టికెట్లు చూడటం, రైలుకి జెండా ఊపడం, ఊడవడం, అడిగినవాళ్లకి దారి చెప్పడం అన్నీ అతనే. చేరిన రోజునే నా దగ్గర ఆగి, బూటు కొసతో చక్రం తట్టి, "ఓసి, ఇది బండి కదేటి!" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది అతనే. సంతోషించాల్సింది. చక్రం తట్టినవాడు పలక తట్టలేదని బతికిపోయాననుకున్నాను. ఎంత దిగజారానో చూడండి.

ఆ రోజు పోటీ జడ్జీలు వచ్చే రోజు. మిసెస్ హార్కర్ పొద్దున్నే వచ్చి ఎండిన ఆకులు గిల్లుతోంది. అప్పుడు నార్మన్ పెక్ వచ్చాడు.

నేను పోల్చుకోలేకపోయాను. రెండు చేతుల్లో రెండు కర్రలు, తుంటి ఎముక మార్చారట, అడుగుకీ అడుగుకీ మధ్య ఒక రైలు దాటిపోయేలా ఉంది. జూలై నెలలో కూడా పాత నల్లకోటు వదల్లేదు. ఆ కోటు చూసి గుర్తుపట్టాను.

"నార్మన్ గారూ, లిఫ్ట్ చెడింది" అన్నాడు పైడిరాజు ఎదురొచ్చి.

"అది బాగున్న రోజు చెప్పవయ్యా, వింతగా ఉంటుంది" అన్నాడు నార్మన్. నవ్వి, టికెట్ తీసి చూపించాడు. "నేను ఈ రైలుకే పోవాలి. ఐరిస్‌ని మధ్యాహ్నానికి లోపలికి తీసుకుపోతారు."

ఐరిస్ అతని చెల్లెలు. ఇద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉంటారు, రోజంతా కీచులాడుకుంటారు. ఆవిడకి గుండె ఆపరేషన్. పట్నంలో, నూకరత్నం పనిచేసే వార్డులోనే చేర్చారు. ఆవిడకి కత్తులంటే భయం. లోపలికి తీసుకెళ్లేదాకా చెయ్యి పట్టుకుని ఉంటానని అన్న మాటిచ్చాడు. ఇంకెవరూ లేరు ఆవిడకి.

పైడిరాజు టాక్సీకి ఫోన్ చేశాడు. సంత రోజు, దార్లు మూసేశారు, గంట పడుతుందన్నారు. రైలు పావుగంటలో ఉంది. వంతెన మెట్ల వైపు చూశాడు, నార్మన్ తుంటి వైపు చూశాడు.

నార్మన్ నా వైపు చూశాడు.

"అదుగో నా బండి. దాని మీద కూచుంటాను. బండిదారిన దాటించు. నేను నాకన్నా బరువైన పెద్దమనుషుల్ని దాటించాను దాని మీద, వాళ్లు పోయి ఉన్నారనుకో."

పైడిరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సిగ్నల్ క్యాబిన్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. దారి ఖాళీగా ఉంది, దాటించమన్నారు. తాళంచెవి తెచ్చాడు. ఇక నా మీది పూలు తియ్యాలి.

మిసెస్ హార్కర్ నీళ్ల క్యాను పట్టుకుని నిలబడిపోయింది. "ఇవాళా?" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడే ఎర్రబడింది. "తీద్దాం నార్మన్, తప్పకుండా తీద్దాం. వేళ్లు తెగకుండా తీస్తాను, ఒక్కొక్కటే."

"నీ వీలు చూసుకునే తియ్యి జోన్" అన్నాడు నార్మన్.

మర్యాద! చెల్లెలు అక్కడ మంచం మీద భయపడుతుంటే, ఇక్కడ ఈయన తొందరపెట్టడు. మిసెస్ హార్కర్ చిన్న పారతో మట్టి గుండ్రంగా కోసి, మొక్కని రెండు చేతులతో పసిబిడ్డలా ఎత్తి, ప్లాట్‌ఫారం మీద పడుకోబెడుతోంది. మళ్లీ ఇంకోటి. నార్మన్ దూరంగా సిగ్నల్ వైపు చూస్తాడు, ఆవిడ వైపు చూసి నవ్వుతాడు. "బాగా పూశాయి ఈ ఏడు" అని కూడా అన్నాడు.

పైడిరాజుకి ఒళ్లు మండింది. "అమ్మా, తప్పుకోండమ్మా మీరు!" అని రెండు చేతులూ మట్టిలో దూర్చి, మొక్కలూ మట్టీ కలిపి బారలు బారలుగా లాగి కిందికి తోసేశాడు. జెరేనియంలు చెల్లాచెదురయ్యాయి. చక్రాలు కదలకుండా కింద పెట్టిన చెక్కముక్కలు తీశాడు. నేను కదిలాను. ఎన్నో ఏళ్ల తరవాత నా చక్రం తిరిగింది.

ఆ ఒక్క నిమిషం నేనేం ఆశపడ్డానో చెప్పను. చెప్పడానికి మొహం లేదు.

నార్మన్ వెనక్కి తిరిగి, నా అంచు పట్టుకుని, మెల్లిగా కూచున్నాడు. మెత్తటి రొట్టె నలిగినట్టు చప్పుడైంది. అంతే. పలక విరగలేదు, విరిగితే పరువుగా ఉండేది. చప్పగా, తడిగా, జారిపోయింది. నా పాత మనిషి నడుందాకా నాలో కూరుకుపోయాడు. పైడిరాజు చంకల కింద చేతులేసి పట్టుకోకపోతే కొత్త తుంటి కూడా పోయేది. పైకి లాగేసరికి నల్లకోటు నిండా నా కుళ్లు.

అతను నన్ను తిట్టలేదు. లోపలికి ఒకసారి తొంగి చూసి, "అయ్యో" అన్నాడు.

టికెట్ ఆఫీసు కుర్చీ తెచ్చారు. పట్నం పోయే ఒక కుర్రాయన ముందు పట్టాడు, పైడిరాజు వెనక పట్టాడు, కుర్చీతో సహా వంతెన ఎక్కించారు. మొదటే ఆ పని చేసి ఉంటే అందేది. వాళ్లు వంతెన పైకి చేరేసరికి రైలు వాళ్ల కిందనుంచే వెళ్లిపోయింది. కుర్రాయన "సారీ" అన్నాడు. నార్మన్ "సారీ" అన్నాడు, అతని రైలు కూడా తప్పించినందుకు.

పైడిరాజు వంతెన మీదే నిలబడి భార్యకి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు కాబట్టి నాకూ వినపడింది.

"ఏటయ్యా, ఈ ఏళప్పుడు ఫోను?"

"నూకా, మన నార్మన్ తాత రైలు తప్పిపోనాడే. తర్వాతదానికి ఒత్తాడు. ఆ ఐరిసమ్మని కొంచెం ఆపించలేవా?"

"ఆపించడానికి ఇదేటి మీ రైలా? డాక్టర్లు చేతులు కడుక్కుని కూచున్నారు. ఆవిడ తలుపు కేసే చూత్తంది, ఒచ్చాడా ఒచ్చాడా అని నన్ను కాల్చుకు తింటంది. ఏటి చెప్పమంటావు?"

"బండి మీద దాటిద్దామనుకున్నాను. బండి కూలిపోనాది."

"మనిషిని బండి మీదేశావా? బంగాళాదుంపల బస్తా అనుకున్నావేటి! బుద్ధుందా నీకు? సరేలే. నాను పట్టుకుంటాను ఆవిడ చెయ్యి. తాతని ఏడవద్దన్చెప్పు."

తాతకి తెలుగు రాదు. అయినా తల ఊపాడు.

తరవాత సంగతి పైడిరాజు ఎవరికో చెబుతుంటే విన్నాను. ఐరిస్‌ని లోపలికి తీసుకెళ్లేటప్పుడు చివరిదాకా మెడ తిప్పి తలుపు వైపే చూసిందట. నార్మన్ చేరేసరికి ఆ తలుపు మూసేశారు. సాయంత్రందాకా ఎదురుగా కూచున్నాడు. ఆవిడ బతికింది. కళ్లు తెరిచి అన్నని చూసి మొదటి మాట, "ఎక్కడ చచ్చావు?" అందట. "బండి విరిగింది" అన్నాడట ఈయన. ఆవిడ బతికింది, నిజమే. కానీ ఆ తలుపు మూసుకుపోయిన పాపం నాదే.

ఇక్కడ మధ్యాహ్నం జడ్జీలు వచ్చారు. మిసెస్ హార్కర్ ఏదీ సర్దలేదు. బెంచీ మీద కూచుని చేతులకంటిన మట్టి చూసుకుంటోంది. నేను ప్లాట్‌ఫారానికి అడ్డంగా, కడుపు జారి, చుట్టూ పూలతో ఉన్నాను. జడ్జీల్లో పెద్దాయన ఆగిపోయాడు.

"అద్భుతం! బండి బోర్లా పడి పూలు ఒలికిపోయినట్టు... ఎవరిదీ ఆలోచన?"

"ఆలోచన కాదండీ" అంది ఆవిడ. "కుళ్లిపోయింది. నేనే కుళ్లబెట్టాను. ఒక మనిషి పడిపోయాడు ఇందులో."

జడ్జీలు నవ్వారు. ఈ దేశంలో మంచి పని చేసినవాళ్లు అలాగే మాట్లాడతారు, తమదేమీ లేదంటారు. ఆవిడ ఎంత నిజం చెబితే వాళ్లకి అంత వినయంగా కనపడింది. మొదటి బహుమతి మాకే ఇచ్చారు. ఎవరూ నన్ను కదపకూడదన్నారు. ఒలికిన పూలు ఒలికినచోటే మళ్లీ నాటించారు.

బహుమతి ఫలకం తగిలించే రోజున పేపరువాడు కెమెరా పట్టుకొచ్చాడు. ఆఖరి పోర్టరు ఊళ్లోనే ఉన్నాడని ఎవరో చెబితే నార్మన్‌ని కూడా పిలిపించారు. ఐరిస్ కూడా వచ్చింది, చక్రాల కుర్చీలో, పైడిరాజు తోస్తుంటే. కుళ్లు మరక పోలేదేమని దారి పొడుగునా అన్న కోటుని తిడుతూనే ఉంది. మిసెస్ హార్కర్ వాళ్లిద్దరికీ ఎదురుపడలేక నా వెనక నిలబడింది. నాకైతే దాక్కోడానికి అలాంటి చోటు కూడా లేదు.

"సార్, బండి మీద చెయ్యి వెయ్యండి, అలా" అన్నాడు పేపరువాడు.

నార్మన్ దగ్గరికొచ్చాడు. చెయ్యి వెయ్యలేదు. కర్రలు రెండూ పైడిరాజుకిచ్చి, నిలదొక్కుకుని, కోటు విప్పాడు. ఒక చెయ్యి లాగడానికే చాలాసేపు పట్టింది. ఎవరూ సాయానికి రాలేదు, ఏం చేస్తున్నాడో అర్థం కాక. విప్పిన కోటు నా మీదికి వంగి పరిచాడు, జారిపోయిన పలకల మీద, కన్నం ఎక్కడా కనపడకుండా. అంచులు లోపలికి దోపాడు.

"సార్, ఆ విరిగిన చోటే అందం. కోటు తీస్తారా?"

"తియ్యను."

"ఎందుకండీ?"

నార్మన్ కర్రలు అందుకున్నాడు. "దానికి సిగ్గేస్తుంది" అన్నాడు.

పేపరువాడు నవ్వి ఫొటో తీసుకున్నాడు. అది ఇప్పుడు టికెట్ ఆఫీసు గోడకి వేలాడుతోంది. అందులో పూలున్నాయి, బహుమతి ఫలకం ఉంది, ఒట్టి చొక్కాతో నిలబడ్డ ముసలాయన ఉన్నాడు. బండి ఏదీ అని అడుగుతారు చూసినవాళ్లు. పైడిరాజు కోటు వైపు వేలు పెట్టి చూపిస్తాడు.